ఓట్లు పోయాయి, చట్టాలు మిగిలాయి: నార్వే సంక్షేమ రాజకీయాల్లో డాగ్‌ఫిన్ హోయ్‌బ్రోటెన్

2004 జూన్ 1 నుంచి నార్వేలో బార్లు, రెస్టారెంట్లు, కేఫ్‌ల లోపల పొగ తాగడం నిషేధం. అంతకు రెండు నెలల ముందు ఐర్లాండ్ ఇలాంటి చట్టం అమలు చేసింది. దేశమంతటికీ వర్తించేలా ఈ పని చేసిన రెండో ఐరోపా దేశం నార్వే. ఆ చట్టం తెచ్చిన ఆరోగ్య మంత్రి డాగ్‌ఫిన్ హోయ్‌బ్రోటెన్. చట్టం అమల్లోకి వచ్చి మూడు వారాలు కూడా నిండకముందే ఆయన శాఖ మారి కార్మిక, సామాజిక వ్యవహారాల మంత్రి అయ్యారు. ఆ ఏడాదే తన పార్టీ అయిన క్రిస్టియన్ పీపుల్స్ పార్టీకి అధ్యక్షుడూ అయ్యారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఆ పార్టీ స్థానాలు 22 నుంచి 11కి పడిపోయాయి. పొగ నిషేధం మాత్రం చెక్కుచెదరలేదు. తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ, చివరికి అప్పట్లో దాన్ని గట్టిగా వ్యతిరేకించిన ప్రోగ్రెస్ పార్టీ భాగస్వామిగా ఉన్న ప్రభుత్వం కూడా, దాన్ని రద్దు చేయలేదు.

హోయ్‌బ్రోటెన్ రాజకీయ జీవితం మొత్తంలో ఈ తీరు కనిపిస్తుంది. పార్టీ కుంచించుకుపోతూ వచ్చింది, ఆయన చేయి పడిన వ్యవస్థలు నిలబడ్డాయి. నిలబడినవాటిని దగ్గరగా చూస్తే వాటిలో చాలావరకు ఆయన ఒక్కడి ఆలోచనలు కావు. కొన్నిటిని లేబర్ పార్టీ మొదలుపెట్టింది, కొన్నిటికి ఆ పార్టీని ఒప్పించి సంతకం పెట్టించుకున్నారు. అచ్చంగా సొంత పార్టీవి అనదగ్గ విధానాలే ఎక్కువ చిక్కుల్లో పడ్డాయి.

క్రిస్టియన్ పీపుల్స్ పార్టీ 1933లో పశ్చిమ తీరంలోని హోర్డలాండ్‌లో పుట్టింది. చర్చి అధికార వ్యవస్థకు బయట ఊళ్లలో సాగిన భక్తి ఉద్యమాలు, మద్యపాన వ్యతిరేక సంఘాలు, విదేశాల్లో సేవ చేసే మిషన్ సంస్థలు దాని పునాది. గర్భస్రావం, మద్యం, పిండాలపై పరిశోధన వంటి విషయాల్లో సంప్రదాయ పక్షం. పేదరికం, విదేశీ సహాయం, వికలాంగుల భద్రత విషయానికొస్తే లేబర్ పార్టీకి దగ్గర. యజమానుల పార్టీ అనలేం, కార్మికుల పార్టీ అని కూడా అనలేం. అందుకే అటూ ఇటూ మాట్లాడగలిగే స్థానం దానికి దక్కింది.

1957లో ఓస్లోలో పుట్టిన హోయ్‌బ్రోటెన్ రాజనీతిశాస్త్రం చదివారు. 1989–90లో యాన్ సీసె ప్రభుత్వంలో ఆర్థిక శాఖలో స్టేట్ సెక్రటరీగా చేశారు. తర్వాత ఓస్లో పక్కనున్న ఒప్పెగోర్ పురపాలికకు ముఖ్య కార్యనిర్వహణాధికారి. 1997లో జాతీయ బీమా సంస్థకు డైరెక్టరుగా నియమితులయ్యారు. పింఛన్లు, అనారోగ్య భత్యం, వికలాంగ భత్యం లెక్కగట్టి చెల్లించే సంస్థ అది. అదే ఏడాది అక్టోబరులో మంత్రి పదవి వచ్చింది. వేదికల మీద ఎదిగిన నాయకుడి దారి కాదిది. ఫైళ్ల మధ్య ఎదిగిన అధికారి దారి. ఆయన్ని మతవాదిగా, నీతులు చెప్పే మనిషిగా ఎగతాళి చేసిన పత్రికలు ఈ సంగతిని తక్కువగానే పట్టించుకున్నాయి.

నార్వే సంక్షేమమంతా చమురు డబ్బు చలవే అన్న అభిప్రాయం మన దగ్గరా గట్టిగానే ఉంది. తేదీలు చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. జాతీయ బీమా చట్టం 1966 జూన్ 17న పార్లమెంటులో, అంటే స్టోర్టింగ్‌లో, ఆమోదం పొంది 1967 జనవరి 1 నుంచి అమలైంది. ఎకోఫిస్క్ చమురు క్షేత్రం బయటపడింది 1969లో. ఆ చట్టానికి రూపకల్పన చేసింది లేబర్ ప్రభుత్వం, పార్లమెంటులో నెగ్గించింది దాన్ని ఓడించి వచ్చిన కూటమి. ఆ కూటమిలో సామాజిక మంత్రి ఎగిల్ ఓర్విక్ క్రిస్టియన్ పీపుల్స్ పార్టీ మనిషే. ఈయనే తర్వాత నోబెల్ శాంతి కమిటీకి అధ్యక్షుడయ్యారు. ఒకరు వండింది మరొకరు వడ్డించడం, ఆ వడ్డించినవాళ్లు అది తమ వంటే అన్నంత శ్రద్ధ చూపడం నార్వేలో అప్పటికే ఆనవాయితీ. హోయ్‌బ్రోటెన్ ఆ ఆనవాయితీకి వారసుడు.

1997లో క్రిస్టియన్ పీపుల్స్ పార్టీకి చెందిన షెల్ మాగ్నె బోన్డెవిక్ ఏర్పాటు చేసిన ప్రభుత్వానికి 165 స్థానాల సభలో సొంత బలం 42. ప్రతి బిల్లుకూ ఎక్కడో ఒకచోట మద్దతు వెతుక్కోవాల్సిందే. ఆ పరిస్థితిలో ఆరోగ్య మంత్రిగా హోయ్‌బ్రోటెన్ సాధించినవి ఆశ్చర్యపరుస్తాయి. 1998లో మానసిక ఆరోగ్యానికి ప్రత్యేక విస్తరణ ప్రణాళిక సభ ఆమోదం పొందింది. 1999లో మొదలై 2008 దాకా సాగిన ఈ ప్రణాళిక డబ్బును పెద్ద ఆసుపత్రుల వార్డుల నుంచి పురపాలికల వైపు, జిల్లా స్థాయి మానసిక చికిత్సా కేంద్రాల వైపు మళ్లించింది. 1998 ఆగస్టు చివర్లోనే ప్రధాని బోన్డెవిక్ తాను కుంగుబాటుతో బాధపడుతున్నానని బహిరంగంగా చెప్పి మూడు వారాలకు పైగా సెలవు పెట్టారు. పదవిలో ఉన్న ప్రధాని అలా చెప్పుకోవడం అప్పటికి ఎక్కడా వినని మాట. ప్రణాళిక అంతకు ముందే సిద్ధమైంది కాబట్టి ఒకదానివల్ల మరొకటి జరిగిందనడం సరికాదు. కానీ డబ్బు కేటాయింపు ఒక పక్క, ప్రధాని ఒప్పుకోలు ఒక పక్క ఒకే ఏడాదిలో రావడంతో ఆ అంశానికి దక్కిన గౌరవం వేరు.

1999లో నాలుగు ఆరోగ్య చట్టాలు ఒకేసారి వచ్చాయి: రోగుల హక్కులు, ప్రత్యేక వైద్య సేవలు, వైద్య సిబ్బంది, మానసిక చికిత్స. 2001 జనవరి 1న అమల్లోకి వచ్చేసరికి ఆయన పదవిలో లేరు; గ్యాస్ విద్యుత్ కేంద్రాల గొడవలో 2000 మార్చిలోనే ప్రభుత్వం పడిపోయింది. అమలు లేబర్ మంత్రి చేతికి వెళ్లింది.

బోన్డెవిక్ తొలి ప్రభుత్వంలోనే పార్టీ ముద్ర స్పష్టంగా ఉన్న పథకం ఒకటి వచ్చింది. దాని మంత్రి హోయ్‌బ్రోటెన్ కాదు, వాల్‌గెర్డ్ స్వార్‌స్టాడ్ హౌగ్‌లాండ్. ప్రభుత్వ సాయమున్న శిశు సంరక్షణ కేంద్రానికి పంపకుండా పసిపిల్లల్ని ఇంటిదగ్గర పెంచుకునే తల్లిదండ్రులకు నెలకు 3000 క్రోనర్లు. 1998 ఆగస్టు నుంచి ఏడాది వయసు పిల్లలకు, 1999 జనవరి నుంచి రెండేళ్ల పిల్లలకు ఇచ్చారు. పిల్లల్ని ఎలా పెంచుకోవాలో కుటుంబమే నిర్ణయించుకోవాలన్నది పార్టీ వాదన. స్త్రీలను ఉద్యోగాల నుంచి వెనక్కి పంపే పథకమనీ, వలస కుటుంబాల పిల్లల్ని భాషకూ బడికీ దూరం చేస్తుందనీ వామపక్షాల వాదన. పాతికేళ్లు దాటినా ఆ తగవు తెగలేదు. పథకం రద్దు కాలేదు కానీ వయసు పరిమితులు, అర్హతలు, మొత్తాలు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతూ వచ్చాయి.

పదవి పోయాక హోయ్‌బ్రోటెన్ జాతీయ బీమా సంస్థ డైరెక్టరు కుర్చీకి తిరిగి వెళ్లారు. 2001 అక్టోబరులో బోన్డెవిక్ రెండో ప్రభుత్వం రాగానే మళ్లీ ఆరోగ్య మంత్రి. అప్పటికి ఒక పెద్ద పని ఆయన కోసం కాచుకుని ఉంది. ఆసుపత్రుల్ని కౌంటీల నుంచి తీసుకుని జాతీయ ప్రభుత్వం కిందికి తెచ్చే చట్టాన్ని లేబర్ మంత్రి టోరె టోన్నె అంతకు కొన్ని నెలల ముందే నెగ్గించారు. 2002 జనవరి 1న ఐదు ప్రాంతీయ ఆరోగ్య సంస్థల చేతికి ఆసుపత్రులన్నీ వెళ్లాలి. ప్రత్యర్థి చేసిన చట్టాన్ని ఆపేయడానికీ, నాన్చడానికీ కొత్త మంత్రికి అవకాశం ఉంది. హోయ్‌బ్రోటెన్ మాత్రం ముందే ఖరారైన తేదీకే అమలు చేశారు. ఆ సంస్కరణ మంచిదా చెడ్డదా అన్నది వేరే ప్రశ్న. స్థానిక ప్రసూతి వార్డులు మూతపడినప్పుడల్లా చిన్న పట్టణాల్లో ఈ వ్యవస్థ మీద ఇప్పటికీ మండిపడతారు.

ఇక పొగాకు. నార్వే 1973లోనే పొగాకు ప్రకటనల్ని నిషేధిస్తూ చట్టం చేసింది, 1975లో అమలు చేసింది. 1988లో ఆఫీసుల్లో, బహిరంగ ప్రదేశాల లోపల పొగ ఆపింది. మిగిలింది బార్లు, రెస్టారెంట్లు. అక్కడ కొన్ని బల్లలు పొగతాగేవారికి, కొన్ని తాగనివారికి అన్న ఏర్పాటు నడిచేది. పొగకు ఆ సరిహద్దు తెలియదు కదా. హోయ్‌బ్రోటెన్ ఎంచుకున్న వాదన ఇక్కడ ముఖ్యం. మద్యపాన వ్యతిరేక సంప్రదాయం నుంచి వచ్చిన మనిషి, పొగ తాగడం పాపమన్న ధోరణిలో ఒక్క మాట అన్నా బిల్లు అక్కడే కూలేది. అందుకే చర్చను తాగేవాళ్ల మీదనుంచి వడ్డించేవాళ్ల మీదికి మళ్లించారు. గుమస్తాకు ఆఫీసులో పొగలేని గాలి హక్కు అయినప్పుడు, రాత్రంతా బారులో పనిచేసే వెయిటర్‌కు ఎందుకు కాదన్నదే ప్రశ్న. కార్మిక రక్షణ మాట వచ్చాక లేబర్ పార్టీ కాదనలేకపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందం సంతకాలకు తెరుచుకున్న రోజే, 2003 జూన్ 16న, దాన్ని ధ్రువీకరించిన మొదటి దేశం కూడా నార్వేయే.

చలి దేశంలో గిరాకీ పోతుందని హోటల్ యజమానులు గగ్గోలు పెట్టారు. ఆరుబయట వేడినిచ్చే దీపాలు వెలిశాయి, జనం సర్దుకున్నారు. ఆ తర్వాత దుకాణాల్లో పొగాకు ప్యాకెట్లు కనబడకుండా పెట్టాలన్న నిబంధనను 2010లో లేబర్ నాయకత్వంలోని ప్రభుత్వం అమలు చేసింది. బ్రాండు రంగుల్లేని సాదా ప్యాకెట్లను 2017లో కన్జర్వేటివ్ మంత్రి తెచ్చారు. రోజూ పొగతాగే పెద్దవాళ్లు నిషేధానికి ముందు సుమారు నూటికి 26 మంది. 2020 దశకం మొదట్లో ఏడెనిమిది మంది. ఈ తగ్గుదల అంతా ఒక్క చట్టం ఖాతాలో వేయడానికి లేదు. ధరలు, తరం మార్పు పనిచేశాయి. పైగా చాలామంది యువకులు పెదవి కింద పెట్టుకునే స్నూస్ అనే పొగాకు పొడికి మారారు. దాన్ని వాడేవారి సంఖ్య ఇప్పుడు సిగరెట్ తాగేవారిని మించిపోయింది. పొగ పోయింది, నికోటిన్ పోలేదు.

నమ్మకం చర్చను నడిపించినప్పుడు ఏమైందో చూడాలంటే 2003 డిసెంబరు నాటి బయోటెక్నాలజీ చట్టం చాలు. కృత్రిమ గర్భధారణలో పిండాలను ముందుగా పరీక్షించి ఎంచుకోవడాన్ని ఆ చట్టం దాదాపుగా మూసేసింది. నెలలు తిరగకుండానే తలసేమియా ఉన్న ఒక బాలుడి కుటుంబం వార్తల్లోకి వచ్చింది. అతనికి మూలుగ ఇవ్వగలిగే తోబుట్టువు కావాలంటే ఆ పరీక్షే దారి. దేశమంతా ఆ పిల్లవాడి వైపు నిలబడింది. 2004లోనే స్టోర్టింగ్ చట్టాన్ని సవరించి మినహాయింపులకు తలుపు తెరిచింది. పిండాన్ని వస్తువులా ఏరుకోకూడదన్న వాదనలో పస లేకపోలేదు. కానీ ఆ వాదనను పంచుకునే మిత్రపక్షం సభలో చాలినంత లేదు.

2004 వేసవి నుంచి 2005 శరదృతువు దాకా సాగిన పదహారు నెలలు ఈ రాజకీయ జీవితంలో అన్నిటికన్నా బరువైనవి. కార్మిక, సామాజిక శాఖలో రెండు బిల్లులు ఆయన బల్ల మీదికొచ్చాయి. రెండూ ప్రతి నార్వేజియన్ జీవితాన్నీ తాకేవే.

మొదటిది పింఛను. 1967 నాటి పద్ధతిలో మనిషి సంపాదించిన అన్ని ఏళ్లలోంచి ఉత్తమమైన 20 ఏళ్లు తీసుకుని పింఛను లెక్కగట్టేవారు. పూర్తి పింఛనుకు 40 ఏళ్ల సర్వీసు, వయసు 67. చదువుకుని ఆలస్యంగా ఉద్యోగంలో చేరి, త్వరగా జీతం పెరిగినవాళ్లకు ఇది లాభం. పదహారో ఏట ఫ్యాక్టరీలో చేరి యాభై ఏళ్లు దాదాపు ఒకే జీతం మీద పనిచేసినవాడికి నష్టం. ఆయుర్దాయం పెరుగుతుంటే ఖజానాకు భారం. సిగ్‌బ్యోర్న్ యోన్సెన్ అధ్యక్షతన పనిచేసిన పింఛను కమిషన్ 2004 జనవరిలో దారి చూపింది, 2005 మే 26న స్టోర్టింగ్‌లో ఒప్పందం కుదిరింది. సంపాదించిన ప్రతి ఏడూ లెక్కలోకి వస్తుంది. ఒక తరం సగటున ఎక్కువ కాలం బతికితే ఆ తరం నెలవారీ పింఛను ఆ మేరకు తగ్గుతుంది. కొంతకాలం ఎక్కువ పనిచేసి ఆ తేడా పూడ్చుకోవచ్చు. తర్వాత ఖరారైన నిబంధనల ప్రకారం 62 నుంచి 75 ఏళ్ల మధ్య ఎప్పుడు తీసుకోవాలో మనిషి ఇష్టం.

కఠినమైన సంస్కరణ ఇది. ఫ్రాన్స్‌లో ఇంతకన్నా చిన్న మార్పులకు వీధులు స్తంభించాయి. నార్వేలో ఎన్నికలకు నాలుగు నెలల ముందు కూటమి పార్టీలూ ప్రతిపక్ష లేబర్ పార్టీ కలిసి సంతకం చేశాయి. ఆ ఎన్నికల్లో లేబర్ గెలిచింది, తాను సంతకం చేసినదాన్నే చట్టం చేసి 2011 జనవరి 1 నుంచి అమలు పెట్టింది. 2024 ఫిబ్రవరిలో అర్హత వయసును క్రమంగా పెంచేందుకు మరో విశాల ఒప్పందం కుదిరింది, అదీ 2005 పునాది మీదే. దెబ్బ తగిలే నిర్ణయానికి ఎవరూ ఒంటరిగా బాధ్యత మోయకపోవడమే ఈ పద్ధతిలోని కిటుకు. దీనికి వేరే ముఖం కూడా ఉంది. అన్ని పెద్ద పార్టీలూ ఒకే మాట మీద ఉన్నప్పుడు, శరీరం అరిగిపోయి 62కే ఆగిపోయే పారిశుధ్య కార్మికురాలు ఎవరికి ఓటేసి తన అసమ్మతి తెలపాలి?

రెండోది నావ్ అనే కొత్త సంక్షేమ సంస్థ. అప్పటిదాకా పని పోయినవాడు ఉపాధి సంస్థకు, జబ్బు పడినవాడు జాతీయ బీమా సంస్థకు, ఏ హక్కూ మిగలనివాడు పురపాలిక సామాజిక కార్యాలయానికి వెళ్లాలి. నడుము నొప్పితో పని మానేసి అప్పుల్లో పడిన మనిషి మూడింటికీ వస్తాడు కాబట్టి ఎవరికీ చెందడు. మూడు గడపల మధ్య చెప్పులరిగేలా తిరగడమే. ఒకే సంస్థ కావాలని స్టోర్టింగ్ 2001 నుంచీ అడుగుతోంది. యోర్న్ రాట్సో కమిటీ 2004లో నివేదిక ఇస్తూ అంత విలీనం వద్దంది. హోయ్‌బ్రోటెన్ మధ్యేమార్గం తీశారు: రెండు జాతీయ సంస్థలు కలిసిపోతాయి, పురపాలికలు తమ అధికారం తమ దగ్గరే ఉంచుకుంటాయి, కానీ ప్రతి ఊళ్లో ఇద్దరూ ఒకే కార్యాలయంలో కూర్చోవడం తప్పనిసరి. 2005 మే 31న సభ ఒప్పుకుంది. అలా తాను డైరెక్టరుగా ఉన్న సంస్థను ఆయనే మూయించారు. 2006 జులై 1న నావ్ పుట్టేనాటికి ఆ మంత్రి కుర్చీలో లేబర్ నాయకుడు బ్యార్నె హోకోన్ హన్సెన్ ఉన్నారు.

ఇక్కడ ప్రశంస ఆపాలి. ఒకే తలుపు పెట్టారు కానీ లోపల ఇద్దరు యజమానులు, రెండు కంప్యూటర్ వ్యవస్థలు, రెండు రకాల ఉద్యోగ సంస్కృతులు. మొదటి ఏళ్లలో దరఖాస్తులు గుట్టలు పడ్డాయి. సంస్కరణ వల్ల ఎక్కువమంది పనిలోకి వచ్చారన్న ఆధారం తొలి మూల్యాంకనాల్లో దొరకలేదు. 2019 అక్టోబరులో ఇంకా పెద్ద పిడుగు పడింది. అనారోగ్య భత్యం తీసుకుంటూ ఇతర ఐరోపా దేశాలకు వెళ్లినవాళ్లను నావ్ ఏళ్ల తరబడి మోసగాళ్లుగా లెక్కగట్టింది. ఐరోపా ఆర్థిక ప్రాంత నిబంధనల్ని తప్పుగా అర్థం చేసుకోవడమే కారణం. కొందరు జైలుకు కూడా వెళ్లారు. ఆ తప్పు ఒక్క నావ్‌ది కాదు. ప్రాసిక్యూటర్లు, లాయర్లు, కోర్టులు అందరూ కళ్లు మూసుకుని అదే చదివారు. దీన్ని 2005 నాటి మంత్రి మెడకు చుట్టడం అన్యాయమే. కానీ దేశ బడ్జెట్‌లో మూడో వంతు ఒకే సంస్థ గుండా ప్రవహించేటప్పుడు, ఆ సంస్థ ఒక వాక్యాన్ని తప్పుగా చదివితే ఎదురు చదివేవాడు ఉండడన్న సంగతి ఆ నమూనాలోనే ఉంది.

2011లో హోయ్‌బ్రోటెన్ పార్టీ పగ్గాలు వదిలారు. అదే ఏడాది నుంచి 2015 దాకా టీకాల కూటమి గావి బోర్డుకు అధ్యక్షుడు. ఇక్కడ కథ కొంతసేపు హైదరాబాదుకు వస్తుంది. పేద దేశాలకు టీకాలు కొనిపెట్టే గావి, పెద్ద కొనుగోలుకు హామీ ఇచ్చి ధర తగ్గించే పద్ధతిలో పనిచేస్తుంది. ఐదు జబ్బుల నుంచి కాపాడే పెంటావాలెంట్ టీకాను ఒక్కో డోసు 1.19 డాలర్లకు ఇస్తామని 2013లో ముందుకొచ్చింది హైదరాబాదు సంస్థ బయోలాజికల్ ఈ. భారత్ కూడా ఆ టీకాను 2011 చివర్లో కేరళ, తమిళనాడులతో మొదలుపెట్టింది గావి సాయంతోనే. గావి 2000లో ఏర్పడినప్పటి నుంచీ నార్వే దాని ప్రధాన దాతల్లో ఒకటి. ఓస్లోలో ప్రభుత్వాలు మారినా ఆ డబ్బు ఆగలేదు. మిషన్ సంస్థల పార్టీకీ, కార్మిక పార్టీకీ పేచీ లేని చోటు ఇది.

ఆ తర్వాత కోపెన్‌హాగెన్‌లో నార్డిక్ మంత్రుల మండలి కార్యదర్శి, ఆపైన చర్చి సహాయ సంస్థ అధిపతి. కానీ మలి దశలో అసలు పని 2018లో స్టోర్టింగ్ అప్పగించింది: సత్యం, సయోధ్యల కమిషన్‌కు అధ్యక్షత. ఉత్తరాది మూలవాసులైన సామీలను, ఫిన్నిష్ మూలాలున్న క్వెన్లను, అటవీ ఫిన్నులను నార్వేజియన్లుగా మార్చేందుకు ప్రభుత్వం సాగించిన ప్రయత్నం మీద విచారణ అది.

ఇప్పటిదాకా చెప్పిన ఏకాభిప్రాయపు బలానికి ఇక్కడ ఎదురు సాక్ష్యం దొరుకుతుంది. 1898లో సామీ, క్వెన్ భాషల వాడకాన్ని బడుల్లో కట్టడి చేస్తూ ఆదేశం వచ్చింది. దేశపు ఉత్తర కొసనున్న ఫిన్‌మార్క్‌లో భూమి కొనాలంటే నార్వేజియన్ వచ్చి తీరాలన్న షరతు 1902 నాటి చట్టం ద్వారా వచ్చింది. పిల్లల్ని ఇళ్లకు దూరంగా వసతి బడుల్లో పెట్టారు. సామీలో బోధించడాన్ని బడి చట్టం మళ్లీ అనుమతించింది 1959లో. ఈ మధ్యలో లిబరల్స్, కన్జర్వేటివ్‌లు, లేబర్ అందరూ అధికారంలో ఉన్నారు. విధానం మాత్రం మారలేదు. పింఛను ఒప్పందాన్ని నిలబెట్టిన అదే లక్షణం, ప్రభుత్వాలు మారినా విధానం కొనసాగడం, ఇక్కడ భాషల్ని మింగింది. అందరికీ ఒకే బడి, ఒకే భాష, ఒకే కార్యాలయం అన్న సమానత్వ భావనే సంక్షేమ రాజ్యం గర్వపడే సంగతి. దాన్ని నడిపించిన చాలామంది మేలే చేస్తున్నామనుకున్నారు.

2023 జూన్ 1న కమిషన్ నివేదిక స్టోర్టింగ్‌కు అందింది. కాగితం మీది హక్కులకూ వాస్తవంగా అందుతున్న సేవలకూ మధ్య దూరం ఉందని అది చెప్పింది. సామీ భాషకు చట్టబద్ధ హోదా ఉన్నా, ఆ భాష తెలిసిన డాక్టరు, టీచరు, వృద్ధాశ్రమ సిబ్బంది చాలాచోట్ల లేరు. వయసు మీదపడి మతిమరుపు వచ్చాక చాలామందికి మిగిలేది చిన్ననాటి భాషే. స్టోర్టింగ్ 2024 నవంబరు 12న నివేదిక మీద చర్చించి క్షమాపణ చెప్పింది, భాషల రక్షణకు చర్యలు కోరింది. వాటిని అమలు చేయాల్సింది ఆసుపత్రులు, బడులు, పురపాలికలు, నావ్.